తడి బూట్లు, తెల్ల పువ్వు ఒకటి

కౌంటీ జైలు ముందుగదిలో గోడకు బిగించిన తెర మీద ఖైదీల పేర్లు కింది నుంచి పైకి మెల్లగా జరుగుతున్నాయి. పేరు, వయసు, నేరం, లోపలికి వచ్చిన తేదీ, ప్రస్తుత స్థితి. మొత్తం ముప్పై ఎనిమిది మంది. వెరా హాల్‌స్టెడ్ ఆ జాబితాను రెండుసార్లు చివరి దాకా చదివింది.

బెక్, రాయిస్. నలభై నాలుగు. రక్షణ ఉత్తర్వు ఉల్లంఘన. ఫిబ్రవరి 24. నిర్బంధంలో.

మార్చి పదకొండు, మంగళవారం. ఉదయం తొమ్మిదీ అయిదు.

ఈ రాయిస్ బెక్ మొన్న శనివారం ఉదయం పదీ ఇరవైకి తన పెరట్లోంచి నడిచి వెళ్ళాడని అతని మాజీ భార్య ట్వైలా చెబుతోంది. పదీ ఇరవై నాలుగుకి ఆమె షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేసింది. ఫోనెత్తిన మనిషి జాబితా చూసి, అతను లోపలే ఉన్నాడు, మీరు పొరబడ్డారు అని పెట్టేశాడు. ఆ తర్వాత ఫైల్లో రెండు మాటలు చేరాయి: అబద్ధపు ఫిర్యాదు.

ఆ రెండు మాటలే ఇప్పుడు ప్రమాదం. రక్షణ ఉత్తర్వును ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అన్నది రేపు ఉదయం తొమ్మిదికి జడ్జి తేలుస్తాడు. ఈ ఆడమనిషి లేనివి చూస్తుంది, జరగనివి చెబుతుంది అన్నది రాయిస్ వకీలు వాదన. అది నెగ్గితే ఉత్తర్వు పోతుంది. పదిహేను రోజుల్లో రాయిస్ శిక్ష పూర్తవుతుంది. ఆ తర్వాత అతను ఆమె గుమ్మంలో నిలబడినా ఎవరూ అడ్డు చెప్పలేరు. పోయిన జులైలో అతను ఆ గుమ్మంలో నిలబడిన రోజున ట్వైలా మెడ కింది ఎముక విరిగింది.

ట్వైలా తరఫున విచారిస్తున్న వెరా కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. ప్రైవేటు పరిశోధకురాలిగా లైసెన్సు తీసుకోక ముందు ఆమె పక్క కౌంటీ కోర్టులో ఇరవై రెండేళ్ళు రికార్డులు చూసింది. అద్దం వెనక కూర్చున్న ఓపల్ రిడ్జ్‌వే ముప్పై ఏళ్ళుగా ఆమెకు తెలుసు.

"ఏం కావాలమ్మా?" అంది ఓపల్, ఎప్పుడూ చూడని మనిషిని అడిగినట్టు. కౌంటర్ దగ్గర ఆమె అందరినీ అలాగే అడుగుతుంది.

"రాయిస్ బెక్ మీద జనానికి చూపించదగ్గ కాగితాలన్నీ."

"ఎందుకని నేను అడగకూడదు. చట్టం. అయినా మొహం చూస్తే తెలుస్తోందిలే."

"మొహం చదవొచ్చని చట్టంలో ఉందా?"

"లేదు. చదవకూడదనీ లేదు." ఓపల్ లేచి అరల వైపు వెళ్ళింది.

"ఆవిడని ఎందుకు శ్రమ పెడతావ్ వెరా? నీక్కావలసింది నా దగ్గరుంది."

వెనక బెంచీ మీద క్లింట్ యార్‌బ్రో కూర్చుని ఉన్నాడు. రాయిస్ వకీలు తరఫున విచారించే మనిషి. ఒకప్పుడు అతనూ వెరా ఒకే ఆఫీసులో పనిచేశారు. అతను పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ పొట్టు కాగితం కప్పులో ఉమ్ముతున్నాడు. రెండో చేతిలో ఒక కాగితం ఎత్తి చూపించాడు. కింద కౌంటీ ముద్ర ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

"'ఫిబ్రవరి ఇరవై నాలుగు నుంచి నేటి వరకు ఎడతెగకుండా నిర్బంధంలో ఉన్నాడు.' చదవమంటావా, నువ్వే చదువుకుంటావా?"

"ముద్ర చక్కగా పడింది."

"ముద్రొక్కటేనా? మాట కూడా. మీ ట్వైలాకి కంటి డాక్టర్ని చూపించు."

"కళ్ళు బాగానే ఉన్నాయి. పొద్దున ఆరింటికోసారి, పడుకోబోయే ముందోసారి మీ వాడి పేరు జాబితాలో ఉందో లేదో ఆ కళ్ళతోనే చూసుకుంటోంది."

"అదీ! జాబితాలో చూసింది, పెరట్లోనూ చూసింది. ఒక మనిషిని రెండు చోట్ల చూసినావిడ మాట ఏ జడ్జి నమ్ముతాడో రేపు చూద్దాం."

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. మూడు రోజులుగా వెరాను తొలుస్తున్న ప్రశ్న కూడా అదే. జాబితా అబద్ధం కాకపోతే, ట్వైలా కూడా అబద్ధం చెప్పకపోతే, రెండూ ఎలా నిజమవుతాయి?

ఓపల్ మూడు కాగితాలు తెచ్చి అద్దం కింది సందులోంచి జరిపింది. మొదటిది నమోదు పత్రం, రెండోది శిక్ష ఉత్తర్వు, మూడోది వస్తువుల చీటీ.

"ఈ మూడోది ఎవరూ అడగరు. ఇరవై ఆరేళ్ళలో నువ్వు రెండో మనిషివి. మొదటాయన పెట్టుడు పళ్ళు పోగొట్టుకుని వచ్చాడు."

"దొరికాయా?"

"దొరికాయి. ఆయనవి కావు."

వెరా మూడో కాగితమే ముందు తీసుకుంది. ఖైదీ లోపలికి వచ్చేటప్పుడు ఒంటి మీద ఉన్నవన్నీ దాంట్లో రాసి, సంచీలో వేసి, బయటికి వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తారు. ఫిబ్రవరి 24, సాయంత్రం నాలుగూ నలభై: గోధుమరంగు జాకెట్టు, జీన్సు, పనిబూట్లు, తోలు బెల్టు, టోపీ, పర్సు. దాని కింద వేరే సిరాతో, వేరే చేతిరాతతో ఇంకో నమోదు ఉంది.

మార్చి 8, మధ్యాహ్నం 1:12. సూటు, నల్లది, ఒకటి. తెల్ల చొక్కా. టై. బూట్లు, నల్లవి, తడి, గడ్డి అంటుకుని ఉంది. తెల్ల పువ్వు ఒకటి, గుండుసూదితో. పువ్వు పారవేయడమైనది.

వెరా దాన్ని మళ్ళీ చదివింది. మార్చి ఎనిమిది అంటే శనివారం.

"ఇది ఎవరు రాశారు?"

"శని ఆదివారాలు ఉండే ఆర్లో. వాడు సైన్యంలో సరుకుల గోదాం చూశాడు. జేబులో చీమ దొరికినా రాసిపెడతాడు."

"కదలకుండా లోపలే ఉన్న మనిషికి శనివారం మధ్యాహ్నం సూటు ఎక్కడి నుంచి వచ్చింది?"

క్లింట్ లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు. "కోర్టు బట్టలు. రేపు విచారణ కదా, చుట్టాలెవరో తెచ్చిచ్చారు. రోజూ జరిగేదే."

"ఓపల్, శనివారం ఈ కౌంటర్ తెరిచి ఉంటుందా?"

"ఉండదు. బట్టలు తేవాలంటే సోమవారం నుంచి శుక్రవారం లోపు. తెచ్చినవాళ్ళు ఇక్కడ సంతకం పెట్టాలి." ఓపల్ ఇంకో పుస్తకం తిప్పి వేలితో కిందికి జరుగుతూ వచ్చింది. "బెక్ పేరు మీద ఏమీ లేదు."

"ఏ డిప్యూటీయో పక్క తలుపు దగ్గర పుచ్చుకుని ఉంటాడు," అన్నాడు క్లింట్.

"సరే, పుచ్చుకున్నాడే అనుకో. చుట్టాలు తెచ్చిన బూట్లకి తడీ గడ్డీ ఎందుకున్నాయి? కోర్టుకేసుకునే సూటుకి పువ్వెవరు గుచ్చారు?"

క్లింట్ కప్పులో పొట్టు ఉమ్మాడు.

వెరా ఓపల్ వైపు చూసింది. ఓపల్ ముద్రను దాని డబ్బాలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. పెట్టుడు పళ్ళ సంగతిని పాతికేళ్ళు గుర్తు పెట్టుకున్న మనిషి ఈ పువ్వు గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

"శనివారం నువ్వెక్కడున్నావు ఓపల్?"

"అది జనానికి చూపించే రికార్డు కాదు," అంది ఓపల్, తల ఎత్తకుండా.

తొమ్మిదీ నలభైకి వెరా తన కారులో కూర్చుని పోయిన గురువారం నాటి ఊరి పత్రిక తెరిచింది. సూటుకి తెల్ల పువ్వు గుచ్చి, తడి గడ్డిలో నడిచే సందర్భం ఈ ప్రాంతంలో మార్చి నెలలో ఒకటే ఉంటుంది. శవపేటిక మోసే ఆరుగురికి తెల్ల కార్నేషన్ పువ్వు గుచ్చుతారు.

ఆరో పేజీలో కనిపించింది. ఫ్లోరెన్స్ ఓల్సన్, ఎనభై మూడేళ్ళు. శనివారం పదకొండు గంటలకు చర్చిలో ప్రార్థన, తర్వాత ఖననం, ఆపైన చర్చి కింది గదిలో భోజనం. పేటిక మోసేవారు: అయిదు పేర్లు. ఆరోది పేరు కాదు. "ఆమె పెంచిన మేనల్లుడు" అని మాత్రం వేశారు.

వెరా ఆ మూడు మాటల కింద పెన్సిల్‌తో గీత గీసింది.

*

ట్వైలా ఇల్లు జైలుకు మూడు మైళ్ళు. వెరా పదిన్నరకు చేరింది. ట్వైలా బడి వంటగదిలో పనిచేస్తుంది. ఇంకో అరగంటలో వెళ్ళాలి, అప్పటికే తెల్ల కోటు తొడుక్కుని ఉంది.

"ఫ్లోరెన్స్ ఆయనకి ఏమవుతుంది?"

"మేనత్త. వాళ్ళమ్మ పోతే ఆవిడే పెంచింది. నాకూ మంచిదే ఆవిడ. నేను వెళ్తే అందరికీ ఇబ్బందిగా ఉంటుందని వెళ్ళలేదు, గిన్నెడు క్యాసరోల్ వండి పంపించా. ఆదివారం గిన్నె కడిగి తెచ్చి, వాకిట్లోనే ఇచ్చి వెళ్ళారు."

"ఎవరు?"

"ఓపల్. కాఫీ తాగమంటే తాగలేదు. ఎందుకో చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడింది."

"రాయిస్‌కి నల్ల సూటు ఉందా?"

ట్వైలా ముఖంలో మార్పు వచ్చింది. "ఉంది. ఆయన సామానంతా వెనక గది అలమరలో పెట్టి మూసేశాను. అక్టోబరు నుంచి తెరవలేదు."

ఆ గదిలో కుట్టుమిషనూ, అట్టపెట్టెలూ తప్ప ఏమీ లేవు. వెరా చేతిరుమాలుతో పిడి పట్టుకుని అలమర తెరిచింది. కడ్డీకి ఏడు హ్యాంగర్లు. ఆరింటికి చొక్కాలున్నాయి. ఏడోది ఖాళీగా, మిగతావాటికి ఎదురు దిక్కున తగిలించి ఉంది. కింద లాండ్రీ వాళ్ళ ప్లాస్టిక్ కవరు నలిగి పడి ఉంది. దాని మెడ దగ్గర చీటీ అలాగే ఉంది: సూటు, నలుపు. నేల మీద సన్నగా పేరుకున్న దుమ్ములో పక్కపక్కనే రెండు శుభ్రమైన గుర్తులు, మడమలు గోడ వైపుకి. బూట్లు అక్కడే ఉండేవి.

వెరా పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసింది. తర్వాత పెరటి తలుపు తాళం చూసింది. గీత లేదు, గాటు లేదు.

"ఈ తాళం ఎప్పుడు మార్పించావు?"

"జనవరిలో."

"తాళంచెవులెన్ని?"

"రెండు. ఒకటి నా మెళ్ళోనే ఉంటుంది. రెండోది..." ట్వైలా ఆగింది. "రెండోది షెరీఫ్ ఆఫీసులో ఇచ్చా. వాళ్ళే అడిగారు. నాకేమన్నా అయితే తలుపు పగలగొట్టాల్సిన పని లేకుండా రావచ్చన్నారు. మంచి ఆలోచనే అనిపించింది."

ఆమె చెయ్యి మెళ్ళోని తాళంచెవి మీదికి వెళ్ళింది.

"అయితే నేను చూసింది నిజమే," అంది ట్వైలా. అది ప్రశ్న కాదు. కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది. "మూడు రోజుల నుంచి నా మీద నాకే అనుమానం. నిన్న బడిలో రెండొందల మందికి వడ్డించి, నిజంగా వడ్డించానా అని ఖాళీ గిన్నెలు వెళ్ళి చూసుకున్నాను."

"శనివారం సరిగ్గా ఏం చూశావో మళ్ళీ చెప్పు."

"సంత నుంచి వస్తున్నా. మూల తిరిగేసరికి ఆయన వీపు. ఆ నడక నాకు తెలుసు. చేతి మీద ఏదో నల్లగా వేసుకుని నీలం పికప్‌లో డ్రైవరు పక్కన ఎక్కాడు. అంతే."

"తోలేదెవరు?"

"కనిపించలేదు."

"ఈ గది ముట్టుకోకు. రెండున్నరకల్లా వస్తాను."

"బడి నుంచి నేను రెండింటికే వచ్చేస్తాను. బయటివాళ్ళెవరన్నా వస్తారా?"

"వస్తే నాతోనే వస్తారు," అంది వెరా.

*

ప్రతి మంగళవారం చర్చి కింది గదిలో భోజనం పెడతారు. చలికాలమంతా వంట ఒకటే, చిల్లీ అనే చిక్కుడుగింజల మాంసం కూర, పక్కన సినమన్ రోల్ అనే తీపిరొట్టె. సార్జెంట్ మెర్ల్ స్టోక్స్ ఒంటిగంట నుంచి రెండింటి వరకు అక్కడే తింటాడని కౌంటీలో అందరికీ తెలుసు. యాభై దాటినవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు, ఎవరి కారు మంచులో దిగబడినా గొలుసు తీసుకుని వచ్చేవాడు.

ఒకటీ పదికి వెరా అతని ఎదురుగా పళ్ళెం పెట్టుకుని కూర్చుంది.

"వెరా గారూ! ఈ వారం ఉప్పు ఎక్కువైంది, ముందే చెబుతున్నా."

"మీ పికప్ ఏ రంగు మెర్ల్?"

"నీలం. ఎందుకు?"

ఆమె ఫోన్లో ఖాళీ హ్యాంగరు ఫోటో తెరిచి అతని గిన్నె పక్కన పెట్టింది. "శనివారం పదీ ఇరవైకి అదెక్కడుంది?"

మెర్ల్ ఫోటో చాలాసేపు చూశాడు. చెంచా గిన్నెలో వదిలేశాడు.

"ఎవరు చెప్పారు?"

"ఆర్లో. నోటితో కాదు, వస్తువుల చీటీలో. పువ్వు కూడా రాశాడు."

"వాడి పాడు గోదాం బుద్ధి!" మెర్ల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆరుగురు కావాలి వెరా గారూ, అయిదుగురే దొరికారు. పెంచిన మనిషి పోతే జైల్లో ఉన్నవాణ్ణి నాలుగు గంటలు పంపిస్తాం. పాత షెరీఫ్ కాలం నుంచీ ఉన్నదే. చర్చిలో బేడీలు వెయ్యం. మేం మామూలు బట్టల్లో వెనక బల్ల మీద కూర్చుంటాం. ఎవరికీ తలవంపులు ఉండవు."

"సూటు?"

"నారింజ రంగు బట్టలేసుకుని పెంచినావిడని మోస్తాడా? సూటు ఎక్కడుందో వాడికే తెలుసు. నేను పక్కనే ఉన్నా. ఏడు నిమిషాలు. ఒక్కటి కూడా అదనంగా ముట్టుకోలేదు."

"రక్షణ ఉత్తర్వు ఉన్న ఇంటికి. ఆవిడ కాపాడమని ఇచ్చిన తాళంచెవితో."

మెర్ల్ చెవులు ఎర్రబడ్డాయి. "శనివారం పొద్దున ఆవిడ సంతకి వెళ్తుంది. వచ్చేలోపు వెళ్ళిపోతాం, తెలియకపోతే ఆవిడకే మనశ్శాంతి అనుకున్నా. చెడు తలచి చేసింది కాదు."

"మరి ఆవిడకి ఫోన్ ఎందుకు రాలేదు? విడుదలైతే చెప్పే యంత్రానికి పేరిచ్చుకుంది."

"విడుదల కాదు కదండీ. నా చెయ్యి కింద ఉన్నంతసేపు జైల్లో ఉన్నట్టే లెక్క. అందుకే జాబితా మారదు, ఫోనూ మోగదు. కాగితం అబద్ధం చెప్పలేదు."

మూడు రోజుల ప్రశ్నకు జవాబు అదే. జాబితా నిజం, ట్వైలా నిజం. వెరాకు మామూలుగా ఇలాంటప్పుడు కలిగే సంతోషం కలగలేదు.

"పదీ ఇరవై నాలుగుకి ఆవిడ ఫోన్ చేసిందని మీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"అబద్ధపు ఫిర్యాదని రాశారని?"

"అదీ నిన్నే."

"చెప్పలేదే?"

మెర్ల్ గోడ గడియారం చూశాడు. ఒకటిన్నర. రెండో తీపిరొట్టె చేతిలోకి తీసుకుని తినకుండా పట్టుకున్నాడు. "నూట ఇరవై మంది చూశారు వాణ్ణి. చేతులు కలిపారు, పక్కన నిలబడి పాడారు. వాళ్ళలో ఎవరన్నా చెప్పారా? చావు దగ్గరికి ఎవరొచ్చారు, ఎక్కడి నుంచి వచ్చారు అని ఇక్కడ ఎవరూ నోరెత్తరు. మీకు మాత్రం తెలీదా?"

వెరాకు తెలుసు. తాను ఆ చర్చిలో ఉండి ఉంటే తానూ రాయిస్ చెయ్యి పట్టుకుని, మీ అత్త మంచి మనిషి అని చెప్పి, ఇంటికి వెళ్ళి ఊరుకునేది. ఒక మర్యాద నూట ఇరవై మందిని సాక్షులు కాకుండా చేసింది. ఆ బరువంతా ఒక్క ఆడమనిషి మోసింది.

"బయటికి పంపిన సంగతి ఎక్కడ రాస్తారు?"

"నోటుబుక్కులో. బయటి పుస్తకం అంటాం. కంప్యూటర్‌లో ఉండదు."

"అది నేను చూడాలి."

"అది మా ఆఫీసు సొంత పుస్తకం వెరా గారూ."

"కౌంటీ బల్ల మీద ఉంటుంది. కౌంటీ జీతం తీసుకునేవాళ్ళు కౌంటీ పని గురించి రాస్తారు. అది జనం పుస్తకం మెర్ల్. చూపిస్తే ఇవాళ చూస్తాను, లేదంటే రేపు జడ్జి చూస్తాడు. రెండోదైతే మీ పక్కన ఓపల్ కూడా నిలబడాలి."

అతను రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు. "ఓపల్‌ని లాగకండి. రేపు జడ్జిగారికి నేనే చెబుతాను. ట్వైలాకి క్షమాపణ కూడా..." నీళ్ళు తాగి, "కాఫీ తాగి వెళ్దాం," అన్నాడు.

కాఫీ అయ్యేలోపు శనివారం వెళ్ళిన వేళా, వచ్చిన వేళా చెప్పేశాడు; రెండింటికి ఇద్దరూ లేచారు.

*

రెండూ పదికి జైలు ముందుగదిలో క్లింట్ యార్‌బ్రో కౌంటర్‌కి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గింజల కప్పు నిండింది.

"నీ పువ్వు ఎంతవరకు వచ్చింది వెరా? మొగ్గ తొడిగిందా?"

"విచ్చుకుంది. శనివారం మీ వాడు మూడు గంటల ఇరవై ఏడు నిమిషాలు బయట ఉన్నాడు. అందులో ఏడు నిమిషాలు ట్వైలా ఇంట్లో. తీసుకెళ్ళిన మనిషి ఇదిగో, నా పక్కనే ఉన్నాడు."

క్లింట్ మెర్ల్ వైపు చూశాడు. మెర్ల్ నేల చూపులు చూస్తున్నాడు.

"నాకు ముద్ర వేసిన కాగితం ఉంది," అన్నాడు క్లింట్. గొంతులో ఇంతకు ముందున్న హుషారు లేదు. "అందులో ఎడతెగకుండా అని ఉంది."

"ఆ కాగితం రేపు పట్టుకురా. నేను నోటుబుక్కు తెస్తాను."

"నోటుబుక్కు రికార్డు కాదు. ఓపల్, అది బయటికి తీస్తే మా వకీలు ఈ ఆఫీసుని కోర్టుకి లాగుతాడు. చెబుతున్నా."

భోజనం నుంచి అప్పుడే వచ్చి కూర్చున్న ఓపల్ ఇద్దరినీ చూసింది. తర్వాత సొరుగు లాగి, మూలలు అరిగిన ఎర్రట్ట నోటుబుక్కు తీసి, అద్దం కింది సందులోంచి వెరా వైపు జరిపింది.

"సొరుగులో ఉండాల్సింది. ఇందాక వచ్చేసరికి బల్ల మీద ఉంది," అంది. సొరుగు మూస్తూ, "వెరా, ఆదివారమే చెబుదామనుకున్నాను. గిన్నె ఇచ్చి వచ్చేశాను," అంది.

"తెలుసు."

క్లింట్ చిరాగ్గా గడియారం చూసుకున్నాడు. "మీ కథలు తర్వాత. పదిహేను నిమిషాల నుంచి నించున్నా. రేపటి కాగితాల మీద రాయిస్ సంతకం కావాలి. పిలిపించమంటే ఆ తలుపులు తీసే గదిలో కూర్చునే ఆయన ఏదో వాగుతున్నాడు. రాయిస్ మెర్ల్‌తో వెళ్ళాడట."

"శనివారం," అన్నాడు మెర్ల్.

"శనివారం కాదు. ఇవాళ."

వెరా పుస్తకం చివరి పేజీ తెరిచింది. పై వరుస శనివారానిది. బెక్, రాయిస్. వెళ్ళింది 9:45. అంత్యక్రియలు. వెంట: ఎం. స్టోక్స్. తిరిగి వచ్చింది 1:12. దాని కింద ఇంకో వరుస ఉంది.

మార్చి 11. బెక్, రాయిస్. వెళ్ళింది 1:30. సమాధి పని. వెంట: ఎం. స్టోక్స్.

తిరిగి వచ్చిన వేళ రాసే గడి ఖాళీగా ఉంది.

"ఇది నా రాత కాదు," అన్నాడు మెర్ల్. పెదాలు తెల్లబడ్డాయి.

"కాదు," అంది వెరా. "ఒకటిన్నరకి మీరు నా ఎదురుగా రొట్టె పట్టుకుని కూర్చున్నారు."

మెర్ల్ గోడకున్న మైకు మీట నొక్కాడు. తలుపుల గదిలోంచి ఒక గొంతు తాపీగా పలికింది. "చెప్పండి సార్జెంట్."

"బెక్‌కి తలుపు ఎవరు తీశారు?"

"నేనే. పుస్తకంలో రాసుందిగా, మీ సంతకంతో. తనే తెచ్చి అద్దంలోంచి చూపించాడు. శనివారం లాగే మీ బండి గుమ్మం ముందు ఉందనుకున్నా. సంచీ ఇచ్చాను, సూటేసుకున్నాడు. థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు."

"తనే తెచ్చాడా?" అంది వెరా. "ఖైదీ చేతికి ఈ పుస్తకం ఎలా వచ్చింది?"

మెర్ల్ మైకు మీట వదిలేశాడు. "నిన్నటి నుంచి వాణ్ణి నమ్మకస్తులైన ఖైదీల్లో వేశాను. మధ్యాహ్నం ఓపల్ భోజనానికి వెళ్ళినప్పుడు ఈ గది, ఆ బల్ల వెనక, అంతా తుడిచేది వాడే. శనివారం చెప్పిన వేళకి తిరిగొచ్చాడు కదా అని..."

ఓపల్ అప్పటికే వెనక్కి తిరిగింది. బల్ల వెనక గోడకు చెక్కపలక, దానికి వరుసగా మేకులు, మేకులకు చీటీలు కట్టిన తాళంచెవులు. మూడో వరుసలో ఒక మేకు బోసిగా ఉంది. దాని కింద అంటించిన చీటీని ఓపల్ పైకి చదవలేదు. చదవాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

మెర్ల్ భుజానికున్న వైర్‌లెస్‌లో మాట్లాడుతూ తలుపు వైపు పరిగెత్తాడు. క్లింట్ ఇంకా చేతిలో ముద్ర కాగితం పట్టుకునే ఉన్నాడు.

"నా కారు గుమ్మంలోనే ఉంది," అన్నాడు. "వెరా, నా కారులో రా."

ఆమె అప్పటికే నంబరు నొక్కుతోంది. మూడు మైళ్ళు. చురుగ్గా నడిచే మనిషికి యాభై నిమిషాలు. ఒకటిన్నరకు బయలుదేరితే రెండూ ఇరవై. గోడ గడియారంలో రెండూ పంతొమ్మిది.

నాలుగో మోతకి ట్వైలా ఫోనెత్తింది. నీళ్ళు పారుతున్న చప్పుడు, తర్వాత కుళాయి కట్టేసిన చప్పుడు.

"వచ్చేస్తున్నారా?"

"ట్వైలా, తలుపులకి లోపల గొళ్ళేలు పెట్టు. ముందు పెరటిది. ఇప్పుడే."

"ఎందుకు? ఇప్పుడేగా జాబితా చూశాను. లోపలే ఉన్నాడు."

"లేడు."

వెరాకు చెక్కనేల మీద అడుగులు వినిపించాయి, ముందు మామూలుగా, తర్వాత పరుగు. ఫోన్ దేనికో తగిలింది. దూరంగా ఏదో లోహం కదిలింది. అది లోపలి గొళ్ళెమో, బయటి తాళమో తెలియలేదు. దానితోపాటే ఒక మగ గొంతు వినిపించింది. కోపం లేదు, తొందర లేదు, పక్కింటికి వచ్చిన మనిషి మాట్లాడినట్టుంది.

"ట్వైలా, నేనే. సూటు ఇచ్చి వెళ్దామని వచ్చాను."

ఇరవై రెండేళ్ళు వేళలు రాసిన మనిషి వెరా. ఆ లోహపు చప్పుడు ముందు విన్నదో, ఆ గొంతు ముందు విన్నదో ఆమె చెప్పలేకపోయింది.